ఆ ‘హార్టు’ మన ఒంట్లో ఎక్కడుంది?

ఆదివారం పొద్దున్న. పక్కింటి అరుగు మీద పదేళ్ళ కుర్రాడు ఎక్కాల పుస్తకం వీపు వెనక దాచుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. పదమూడో ఎక్కం. ‘థర్టీన్ సెవెన్‌జా’ దగ్గర ఆగిపోతున్నాడు, పుస్తకం తీసి చూస్తున్నాడు, మళ్ళీ మొదటికొస్తున్నాడు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ తలెత్తకుండానే అడిగింది.

“నోటికొచ్చిందా నాన్నా?”

“బైహార్ట్ అయిపోయింది నానమ్మా!”

ఇద్దరూ మాట్లాడుకున్నది ఒకే సంగతి. నేర్చుకున్న ఎక్కం ఆవిడ లెక్కలో నోట్లో ఉంది, వాడి లెక్కలో గుండెలో ఉంది. ఆవిడకంటే ఒక తరం ముందువాళ్ళయితే ‘కంఠతా వచ్చిందా’ అని అడిగి ఉండేవాళ్ళు. కంఠస్థం, కంఠోపాఠం, నోటికి రావడం... మన చదువు గొంతు చుట్టుపక్కలే కాపురం ఉంటుంది. వేదమైనా, శతక పద్యమైనా, ఎక్కమైనా గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి చేరిన చోట జ్ఞాపకం కంఠంలోనే ఉండాలి మరి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకెళ్ళి గుండెలో ఎందుకు పెట్టారు?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వార్తలూ వ్యాసాలూ తెస్తూ బతికినవాణ్ణి. ఇన్నేళ్ళలో నా కలం ఎక్కువసార్లు ఆగింది పెద్దపెద్ద సాంకేతిక పదాల దగ్గర కాదు, ఎల్‌కేజీ పిల్లలకు కూడా తెలిసిన ఈ ‘హార్ట్’ దగ్గర. నిఘంటువు తీస్తే ‘హృదయము, గుండె’ అని ఉంటుంది. ఆ రెండు మాటలూ పట్టుకుని వాక్యంలోకి దిగితే మూడో అడుగులోనే కాలు జారుతుంది. ఇంగ్లీషు భాష ప్రేమనీ, భయాన్నీ, ధైర్యాన్నీ, జ్ఞాపకాన్నీ, కరుణనీ, ఊరి నడిమధ్యనీ అన్నిటినీ ఒక్క హార్టు మీదే మోపింది. తెలుగు వాటిని ఒళ్ళంతా పంచింది. అందుకే ఏ హార్టు నుడికారం ఎదురైనా ముందు అడగాల్సింది ‘దీని అర్థమేమిటి’ అని కాదు, ‘ఇది మన ఒంట్లో ఎక్కడుంటుంది’ అని.

గొంతు సంగతి తేల్చుకుందాం ముందు. ‘బై హార్ట్’ కొత్త మాట కాదు. 1380లలో చాసర్ రాసిన ‘ట్రాయిలస్ అండ్ క్రిసైడ్’ కావ్యంలోనే ఉంది. ఫ్రెంచివాళ్ళు కూడా ‘పార్ కర్’ అంటారు, అదీ గుండె ద్వారానే. ఈ ఆలోచన అంతకంటే పాతది. బుద్ధికి చోటు గుండేనని అరిస్టాటిల్ నమ్మాడు. మెదడు నెత్తురును చల్లబరిచే అవయవం అనుకున్నాడు. ప్రాచీన ఈజిప్టులో శవాన్ని మమ్మీగా చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసేవాళ్ళు, గుండెను మాత్రం జాగ్రత్తగా ఒంట్లోనే ఉంచేవాళ్ళు. పరలోకంలో దాన్ని తక్కెడలో పెట్టి, రెండో పళ్ళెంలో సత్యదేవత ఈకను పెట్టి తూస్తారని వాళ్ళ విశ్వాసం. గుండె బరువెక్కితే శిక్ష. లాటిన్‌లో గుండెను ‘కోర్’ అంటారు. మళ్ళీ గుండెకు తెచ్చుకోవడం, అంటే గుర్తు చేసుకోవడం, ‘రికోర్దారీ’. మన తహసీల్దారు ఆఫీసులో దుమ్ము పట్టి ఉండే ‘రికార్డు’ అక్కణ్ణుంచి వచ్చిందే. ‘కరేజ్’ కూడా ఆ గుండె కూతురే.

మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ‘బైహార్ట్’ను ఒకే మాట చేసి, ‘చెయ్యి’, ‘పెట్టు’, ‘కొట్టు’ తగిలించి ‘బైహార్ట్ చేశావా’, ‘బైహార్ట్ కొట్టేశాడు’ అని సొంతం చేసుకున్నారు. ఇంగ్లండులో ఎవరూ అలా అనరు. అయితే అర్థం కాకుండా బట్టీ పట్టడాన్ని కూడా ఇదే మాటతో పిలుస్తున్నాం, అదొక్కటే నాకు బాధ. గుండెలో పెట్టుకోవడమంటే మొదట్లో అది కాదు.

రక్తసంబంధం ఒకచోట, కాపురం ఒకచోట

‘హార్ట్’కి తెలుగులో అసలైన రక్తసంబంధి ఎవరు? గుండె కాదు, హృదయం. ఇంగ్లీషు హార్టు, గ్రీకు కార్దియా, లాటిన్ కోర్, సంస్కృతం ‘హృద్’ ఒకే తల్లి పిల్లలు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ పుట్టిల్లు ఒకటేనని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పింది ఇలాంటి పోలికలు చూసే. గుండె మాత్రం మన దేశిపదం, ద్రావిడ కుటుంబానిది. ఆ కుటుంబం వేరని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన నిరూపణ 1816లో మద్రాసులో అచ్చయింది. అచ్చయిన చోటు ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం. తెలుగు చదువుకున్నవాళ్ళంతా గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

మరి రక్తసంబంధం హృదయంతో ఉంది కాబట్టి హార్టు కనిపించిన ప్రతిచోటా హృదయం పెట్టేస్తే సరిపోతుందా? అలా పెట్టిన తెలుగు ఎలా ఉంటుందో పెళ్ళి శుభలేఖల్లో, ఫ్లెక్సీల మీద, సన్మానపత్రాల్లో చూస్తున్నాం. ‘హృదయపూర్వక స్వాగతం’ అని ఫ్లెక్సీ పలుకుతుంది. గుమ్మంలో ఎదురొచ్చిన మేనత్త ‘రా తల్లీ, ఎన్నాళ్ళకొచ్చావు’ అంటుంది. మన ఇళ్ళల్లో మనుషులు కోప్పడేటప్పుడూ, బతిమాలుకునేటప్పుడూ, ఏడ్చేటప్పుడూ హృదయం అన్న మాట వాడరు. అది కవిత్వంలో, ప్రసంగంలో, చర్చిలో ఉంటుంది. చర్చి మాట ఎందుకన్నానంటే, తెలుగు బైబిలు ఆ పదాన్ని విరివిగా వాడింది. ఆదివారం ఆరాధనకు వెళ్ళే కుటుంబాల ప్రార్థనల్లో ‘హృదయము’ సహజంగా పలుకుతుంది. మిగతావాళ్ళ నోట అది కొంచెం ఇస్త్రీ బట్టలు తొడుక్కున్నట్టుంటుంది.

రోజువారీ పనంతా చేసేది మనసు. ‘హార్ట్ టు హార్ట్’ మాట్లాడటమంటే మనసు విప్పి మాట్లాడటం. ‘సెట్ యువర్ హార్ట్ ఆన్’ అంటే మనసు పడటం. ‘టేక్ టు హార్ట్’ అంటే మనసులో పెట్టుకోవడం. ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ మనకి వెన్నలాంటి మనసు, బంగారంలాంటి మనసు. చదువుకుంటున్నాడుగానీ ‘హిజ్ హార్ట్ ఈజ్ నాట్ ఇన్ ఇట్’ అన్నారంటే వాడి మనసు దాని మీద లేదన్నమాట. అనువాదకులు గట్టిగా గుర్తుంచుకోవాల్సిన చిత్రం ఇక్కడే ఉంది. మనసుకి ఇంగ్లీషులో రక్తసంబంధి హార్టు కాదు, మైండు! సంస్కృతం ‘మనస్’, లాటిన్ ‘మెన్స్’, ఇంగ్లీషు ‘మైండ్’ ఒక కుదురులోంచి వచ్చినవే. అక్కడ తలకు కాపలా కాసే మాట, మన దగ్గరికొచ్చేసరికి ప్రేమించడం, అలగడం, కరగడం మొదలుపెట్టింది.

అందుకే ‘చేంజ్ ఆఫ్ మైండ్’, ‘చేంజ్ ఆఫ్ హార్ట్’ రెండూ పక్కపక్కన వచ్చినప్పుడు తెలుగు పత్రిక తడబడుతుంది. రెండింటికీ ‘మనసు మార్చుకున్నాడు’ అనే రాస్తాం. కానీ మొదటిది నిర్ణయం మారడం, కాఫీ వద్దని టీ తాగడం లాంటిది. రెండోది మనిషే మారడం. పగపట్టి కూర్చున్న అన్న, తమ్ముడి కూతురి పెళ్ళికి వచ్చి అక్షింతలు వేస్తే అది రెండోది. అక్కడ ‘మనసు కరిగింది’ అనాలి.

ఇదే కుటుంబంలో ఇంకో బంధువు ‘శ్రద్ధ’. అందులోని ‘శ్రద్’ గుండెకు చెందిన పురాతనమైన మాటే. ‘ధా’ అంటే ఉంచడం. దేని మీదనైనా గుండె ఉంచితే అది శ్రద్ధ. లాటిన్‌లో దీని తోబుట్టువు ‘క్రేదో’, నమ్ముతున్నానని అర్థం. ఆ క్రేదోలోంచే ‘క్రెడిట్’ వచ్చింది. జేబులో క్రెడిట్ కార్డు, బళ్ళో మాస్టారు చెప్పే ‘శ్రద్ధగా చదవండి’ అన్న మాట అంత దగ్గరివని తెలిసిన రోజు నేను చాలాసేపు సంతోషంగా తిరిగాను.

గుండెకు అప్పగించిన పని

తెలుగులో గుండెకు ముఖ్యంగా అప్పగించింది భయం, ధైర్యం, దుఃఖం. ఆ మూడింట్లో మాత్రం మన గుండె హార్టుకి ఏమాత్రం తీసిపోదు. భయపడితే ఇంగ్లీషువాడి హార్టు నోట్లోకొస్తుంది. ఇది హోమర్ నాటి ఊహ. ‘ఇలియడ్’లో కోటగోడ వైపు నుంచి ఏడుపులు విన్న ఆండ్రోమకీకి, భర్త హెక్టర్ చనిపోయాడని ఇంకా ఎవరూ చెప్పకముందే, గుండె ఎగిరి నోటిదాకా వస్తుంది. మనకి పైకెగరదు, కిందికి జారుతుంది. గుండె జారిపోతుంది, గుభేలుమంటుంది, ఝల్లుమంటుంది. గొంతులోకొచ్చేది మనకి ప్రాణం. గుండెల్లో రైళ్ళు కూడా పరిగెత్తుతాయి. దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు 1856లో మద్రాసు రాయపురం నుంచి కదిలింది. అంటే ఈ నుడికారం వయసు ఎంత లెక్కేసినా రెండువందల ఏళ్ళు లేదు. నాకిది చాలా ఇష్టమైన మాట. కొత్తగా వచ్చిన ఇనపబండిని చూసి, పట్టాల పక్కన నిలబడి ఒళ్ళంతా అదిరిన ఎవరో తెలుగువాడు, ఆ అదురును అక్కడికక్కడే తన గుండెకు అన్వయించుకున్నాడు. భాష ఎలా బతుకుతుందో చూడాలంటే ఇంతకంటే దగ్గరి దృశ్యం దొరకదు.

ధైర్యం దగ్గర ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ ముగ్గురూ మాంసం కొట్టు ముందు కలుసుకుంటారు. ఆదివారం కదా, ఏ మటన్ కొట్టుకైనా వెళ్ళి చూడండి. మేకను కోసినవాడు పొట్టలోకి చెయ్యిపెట్టి ఒక్క లాగు లాగితే గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు అన్నీ ఒకే గుత్తిగా బయటికొస్తాయి. దాన్ని కొక్కేనికి తగిలిస్తాడు. ‘కార్జం పావుకిలో, గుండెకాయ కూడా వెయ్యి బాబూ’ అని వరసలోంచి ఎవరో కేకేస్తారు. ఆ గుత్తినే ఇంగ్లీషు కసాయివాళ్ళు ‘ప్లక్’ అనేవాళ్ళు, లాగి తీసింది కాబట్టి. 18వ శతాబ్దంలో ఆ మాట కుస్తీలు, గుద్దులాటల జనం నోట ధైర్యానికి పేరైంది. ఇప్పుడు ‘ప్లకీ’ అంటే గుండెదిటవున్న పిల్ల. మన హైదరాబాదు వీధుల్లో అదే ధైర్యం ‘ఖలేజా’. ఉర్దూలో కలేజా అంటే కార్జమే. 2010లో ఆ పేరుతో తెలుగు సినిమా వచ్చినప్పుడు అర్థం చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. తెలంగాణలో ప్రాణస్నేహితుణ్ణి ‘జిగ్రీ దోస్త్’ అంటారు. జిగర్ కూడా పారసీలో కార్జమే. ఇంగ్లీషువాడి స్నేహితుడు గుండెకు దగ్గరివాడైతే మనవాడు ఏకంగా కార్జంలోకే వచ్చి కూర్చున్నాడు.

మన గుండె పలుకుబళ్ళలో కొన్నింటిని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళడం ఎవరి తరమూ కాదు. ‘గుండెలు తీసిన బంటు’ అన్న మాటలో ఉన్న భయం, మెచ్చుకోలు రెండూ కలిపి చెప్పే హార్టు నుడికారం నాకింతవరకు దొరకలేదు. పెళ్ళికెదిగిన పిల్ల ‘గుండెల మీద కుంపటి’ అన్న మాట పోవాల్సిన మాటే, పోతోంది కూడా. ‘గుండె చెరువైంది’ మాత్రం ఉండాలి. ఎండ, చెరువు, నీటి కరువు తెలిసిన నేల మీద దుఃఖానికి అంత నిండుదనం ఉన్న పోలిక ఇంకోటి లేదు.

చొక్కా చేతికి తగిలించిన గుండె

‘వేరింగ్ హిజ్ హార్ట్ ఆన్ హిజ్ స్లీవ్’ అన్న మాటను ఇవాళ మెచ్చుకోలుగా వాడుతున్నారు. లోపలొకటి బయటొకటి లేని మనిషి అని అర్థం. ఓడిపోయి కన్నీళ్ళు పెట్టుకున్న క్రికెటరు గురించో, తడబడకుండా నిజం మాట్లాడిన నాయకుడి గురించో రాస్తారు. ఈ మాటకు పేరు తెచ్చింది 17వ శతాబ్దపు మొదటి ఏళ్ళలో షేక్‌స్పియర్ రాసిన ‘ఒథెల్లో’. అయితే అక్కడ ఆ మాట అన్నదెవరు? ఇయాగో. నాటకమంతా పక్కనే ఉండి, నమ్మిన సేనాపతి చెవిలో విషం పోసి, అమాయకురాలైన డెస్డిమోనా చావుకి కారణమైనవాడు. నేను లోపలున్నది బయటికి చూపించే రకాన్ని కాను, చూపిస్తే కాకి జాతి పిట్టలు పొడుచుకు తింటాయన్నట్టు మాట్లాడతాడు. అంటే గుండె బయటపెట్టడం తెలివితక్కువ పని అని చెప్పడానికి పరమ కపటి వాడిన పోలిక అది. నాలుగువందల ఏళ్ళు గడిచేసరికి జనం ఆ కపటాన్ని వదిలేసి, వాడు వెక్కిరించిన నిజాయితీనే ఉంచుకున్నారు. మాటలకు ఇలాంటి మంచి జరిగినప్పుడు నాకు మనుషుల మీద నమ్మకం పెరుగుతుంది.

‘ఇన్ మై హార్ట్ ఆఫ్ హార్ట్స్’ కూడా షేక్‌స్పియర్ చలవే. ‘హామ్లెట్’లో యువరాజు తన స్నేహితుడు హొరేషియోను గుండె లోపలి గుండెలో ఉంచుకుంటానంటాడు. అక్కడ రెండో గుండె ఏకవచనం. వాడుకలో బహువచనమై, ఒక మనిషికి చాలా గుండెలున్నట్టు తయారైంది. మన ‘మనసు లోతుల్లో’ దానికి సరిగ్గా అతుకుతుంది.

చొక్కా చేతి మీద గుండెకు మాత్రం తెలుగులో చోటు కడుపు. ‘వాడి కడుపులో మాట దాగదు’ అంటాం. రహస్యం కడుపులో దాచుకుంటాం, కోపమొస్తే కడుపులో ఉన్నదంతా కక్కేస్తాం. అసూయ కడుపుమంట. కన్నప్రేమ కడుపుతీపి. బిడ్డ పోతే కడుపుకోత. అన్నం లేని పసివాణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తప్పు చేసినవాణ్ణి క్షమించడమంటే కడుపులో పెట్టుకోవడం. దీవెన ‘నీ కడుపు చల్లగుండ’. ఇంగ్లీషు హార్టు చేసే పనుల్లో సగం మన కడుపు చేస్తోంది. ఇంగ్లీషు చదివిన కొత్తల్లో ఇది మోటుగా ఉందని సిగ్గుపడే పిల్లల్ని చూశాను. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అనువాదకులు కరుణను పెట్టింది పేగుల్లోనే. గ్రీకు మూలంలో ఉన్న ‘స్ప్లాంఖ్నా’కు అర్థం లోపలి అవయవాలు, వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు ‘బవెల్స్’ అని ఇంగ్లీషు చేశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాడికి కూడా జాలి పేగుల్లోనే పుట్టేది. తరవాత నాగరీకమనుకుని కడుపు పనులన్నీ గుండె మీదికి తోసేశారు, కొత్త అనువాదాల్లో పేగులు పోయి కరుణ, హృదయం వచ్చి చేరాయి. మన పేగుబంధం మాత్రం తెగలేదు. ఇప్పటికీ కన్నతల్లి ‘పేగు తెంచుకు పుట్టినవాడు’ అంటే ఎదురు మాట రాదు.

తృప్తి దగ్గర తెలుగు ఇంకా దొడ్డగా ఉంటుంది. ‘టు యువర్ హార్ట్స్ కంటెంట్’ అని ఇంగ్లీషు ఒక్క ముక్కలో తేల్చేస్తుంది, తిన్నా చూసినా పాడినా గుండె నిండాల్సిందే. మన దగ్గర ఏ అవయవం తృప్తి దానిదే. కళ్ళారా చూస్తాం, చెవులారా వింటాం, నోరారా పిలుస్తాం, చేతులారా పెడతాం, కడుపారా తింటాం, మనసారా దీవిస్తాం. అనువాదంలో ఆ ఇంగ్లీషు మాట తగిలినప్పుడు ముందు క్రియ ఏమిటో చూడాలి. ఏ అవయవాన్ని పిలవాలో క్రియే చెబుతుంది.

ఊరి బొడ్డు, చెట్టు చేవ, పేకముక్క

ఒంటిని వదిలి బయటికి వచ్చినా హార్టు వెంటాడుతూనే ఉంటుంది. ‘ఇన్ ద హార్ట్ ఆఫ్ ద సిటీ’ని ‘నగర హృదయంలో’ అని రాసిన వార్త చూసినప్పుడల్లా ఎర్రసిరా పెన్ను వెతుక్కుంటాను. ఊరికి మనం గుండెను కాదు, బొడ్డును ఇచ్చాం. ఊరి నడిబొడ్డున గాంధీ బొమ్మ ఉంటుంది, నడిబొడ్డున సంత జరుగుతుంది. తల్లి కడుపులో పిల్లకు అన్నం అందేది బొడ్డు దగ్గరే కదా, ఊరికి కూడా అదే కేంద్రం. బతుకుదెరువు, ఆదాయం అన్న అర్థంలోనైతే ‘గుండెకాయ’ అంటాం, రాష్ట్రానికి హైదరాబాదు గుండెకాయ అన్నట్టు. ‘హార్ట్ ఆఫ్ ద మ్యాటర్’ ఆయువుపట్టు.

చెట్టు సంగతి మరీ బాగుంటుంది. కలప అడితీకి వెళ్ళి టేకుదుంగ కోస్తుంటే చూడండి. అడ్డంగా కోసిన ముఖం మీద అంచున పాలిపోయిన వలయం, లోపల నూనె రాసినట్టు ముదురు గోధుమరంగు. వడ్రంగి బొటనవేలితో ఆ ముదురు భాగం రుద్ది ‘చేవ బాగుందండీ, తీసుకోండి’ అంటాడు. పురుగు పట్టనిది, నీటికి తొందరగా కుళ్ళనిది ఆ భాగమే. ఇంగ్లీషులో దాని పేరు ‘హార్ట్‌వుడ్’, చెట్టు గుండె. బ్రిటిష్ నౌకాదళం ఓడలు కట్టింది ఓక్ చెట్టు గుండెతోనే. 1759లో చాతం రేవులో ‘విక్టరీ’ యుద్ధనౌకకు పని మొదలైంది. అదే ఏడాది నటుడు డేవిడ్ గారిక్ మాటలు రాయగా ‘హార్ట్ ఆఫ్ ఓక్’ పాట పుట్టి, ఆ నౌకాదళం కవాతు గీతమైంది. ఓడలోనూ నావికుడిలోనూ ఉన్నది ఒకే గుండె అని దాని భావం. ఈ పేరును ‘ఓక్ హృదయం’ అని రాసిన పుస్తకాన్ని నేను చదివాను. చేవ అన్న రెండక్షరాలు చేతిలో ఉండగా! చేవగల మనిషి, చేవచచ్చిన బతుకు... చెట్టుకూ మనిషికీ ఒకే మాట మనకెప్పటినుంచో ఉంది. ఈ ఒక్క చోట ఇంగ్లీషు, తెలుగు ఒకదాన్నొకటి చూసుకోకుండానే ఒకే దుంగను కోసి ఒకే సంగతి కనుక్కున్నాయి.

ఇక పేకముక్క. ఎర్రని గుండె బొమ్మలున్న ముక్కను మన ఊళ్ళలో ‘హార్ట్స్’ అనరు, ‘ఆఠీను’ అంటారు. చిన్నప్పుడు సంక్రాంతి రాత్రుళ్ళు మా పెదనాన్న ‘ఆఠీను రాణి ఎవరి దగ్గరుందిరా’ అని అరిచేవాడు. ఆ మాట ఎక్కడిదో ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. డచ్చి భాషలో హార్ట్స్‌ను ‘హార్టెన్’ అంటారు, నల్లని మూడాకుల ముక్కను ‘క్లావర్’ అంటారు. మన ఆఠీను, కళావరు అవే. 17వ శతాబ్దం మొదట్లో మచిలీపట్నంలో దిగి, తరవాత భీమునిపట్నం దాకా వ్యాపారం చేసిన డచ్చివాళ్ళు అద్దకాల బట్టలు ఓడకెత్తుకుపోతూ ఈ మాటలు వదిలి వెళ్ళారు. అంటే ఇంగ్లీషు బళ్ళు మన ఊళ్ళకు రాకముందే ఐరోపా గుండె ఒకటి మన అరుగుల మీద చేతులు మారుతూ ఉంది.

మాట ప్రాణం మీదికి తెచ్చినప్పుడు

ఆ పెదనాన్నే ఒకరోజు రాత్రి భోజనమయ్యాక గుండెల్లో మంటగా ఉందన్నాడు. పెద్దమ్మ సోడా తెప్పించింది. వాము నమలమంది. గ్యాస్ పట్టేసిందన్నారు అందరూ. అరగంట తరవాత చొక్కా చెమటతో తడిసిపోయింది, ఎడమ దవడ లాగుతోందన్నాడు. అప్పటికిగానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఆటోలో తీసుకెళ్ళారు. బతికాడుగానీ గుండె కండరం కొంత పోయింది.

ఆ పొరపాటు మా ఇంట్లో పుట్టింది కాదు, గ్రీసులో పుట్టింది. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నితే వచ్చే మంటకు గుండెతో ఏ సంబంధమూ లేదు. అయినా ఇంగ్లీషులో అది ‘హార్ట్‌బర్న్’, తెలుగులో ‘గుండెల్లో మంట’. పాత గ్రీకులో ‘కార్దియా’ అంటే గుండె, జీర్ణాశయం పైమూతి కూడా. ఇవాళ్టికీ వైద్యులు ఆ పైమూతిని ‘కార్డియా’ అనే పిలుస్తారు. రెండు అవయవాలు పక్కపక్కన ఉండి ఒకే చోట నొప్పి చూపిస్తాయి, పేరు కూడా ఒకటే పెట్టేసరికి మనుషులు రెండువైపులా మోసపోతున్నారు. మంటను గుండెపోటనుకుని బెంబేలెత్తినా నష్టం లేదు. గుండెపోటును మంటనుకోవడమే ప్రమాదం. ఛాతీ మీద రాయి పెట్టినట్టు బరువు, చెమట, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే సోడా కోసం కాదు, 108 కోసం చూడాలి.

పత్రికల్లో మేం చేసే తప్పు ఇంకోటుంది. ‘హార్ట్ అటాక్’, ‘కార్డియాక్ అరెస్ట్’, ‘హార్ట్ ఫెయిల్యూర్’ మూడింటినీ గుండెపోటు అని రాసేస్తాం. మొదటిది గుండెకు నెత్తురిచ్చే నాళం మూసుకుపోవడం. రెండోది కొట్టుకోవడమే ఆగిపోవడం. మూడోది గుండె నీరసించి సరిపడా నెత్తురు తోడలేకపోవడం. ‘ఫెయిల్’ అన్న మాట పరీక్షల నుంచి మన ప్రాణాల్లోకి పాకింది కాబట్టి, డాక్టరు హార్ట్ ఫెయిల్యూర్ అనగానే ఇంటిల్లిపాదీ ఏడుపందుకుంటారు. మందులతో ఏళ్ళ తరబడి బతకగలిగే జబ్బది. ‘గుండె నీరసం’ అని రాస్తే ఎంత భయం తగ్గేదో.

1628లో విలియం హార్వే పుస్తకం వచ్చాక గుండె ఒక తోడు యంత్రమని తేలింది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటూ నెత్తురును ఒళ్ళంతా తిప్పే కండరం. ఆలోచన, జ్ఞాపకం మెదడులోవని తరవాతి శాస్త్రం చెప్పింది. నుడికారాలు మాత్రం ఒక్కటీ ఇల్లు ఖాళీ చెయ్యలేదు. 1990లో జపాను వైద్యులు ఒక విచిత్రం వివరించారు. ఆప్తులు పోయినప్పుడో, తట్టుకోలేని భయం కలిగినప్పుడో కొందరికి అచ్చం గుండెపోటు లక్షణాలే వస్తాయి, నాళాల్లో మాత్రం అడ్డేమీ కనిపించదు. గుండె ఎడమ గది కిందిభాగం బుంగలా ఉబ్బుతుంది. జపాను జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారం అది. అందుకే ‘టకోట్సుబో’ అని పేరు పెట్టారు. ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలలో వస్తుంది, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఇంగ్లీషులో దాని వాడుక పేరు ‘బ్రోకెన్ హార్ట్ సిండ్రోమ్’. మనవాళ్ళు ‘గుండె పగిలింది’ అంటున్నది ఎన్ని తరాల నుంచో.

మొన్నొక సాయంత్రం నానమ్మగారింట్లో, అదే ఆ ఎక్కాల పిల్లాడి ఇంట్లో కూర్చున్నాను. అమెరికాలో ఉన్న ఆవిడ కూతురు వీడియో కాల్ చేసింది. అయిదేళ్ళ మనవరాలు కొత్త గౌను వేసుకుని తెరనిండా గిరగిరా తిరిగింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, “నిన్ను చూస్తే కడుపు నిండిపోయిందే బంగారం” అంది.

పిల్ల ఆగిపోయింది. తల్లివైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది, అమ్మమ్మ ఎక్కువ తినేసిందా అని.

తల్లి ఒక్క క్షణం ఆలోచించింది. “హర్ హార్ట్ ఈజ్ ఫుల్, రా” అంది.

పిల్ల తెరకు దగ్గరగా వచ్చింది. రెండు చేతులూ తీసి గౌను మీద, సరిగ్గా పొట్ట మీద పెట్టుకుంది. “నాకూ కడుపు నిండింది అమ్మమ్మా” అంది.